ప్రభుత్వ సాయం కోసం ఎవరిని అడగాలి, ఏమని అడగాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

చుట్టుపక్కలవాళ్లకు అర్జీలు రాసిపెట్టే పనిలో నేను ఎక్కువగా వినే మాట "ఏదో పథకం ఉందంట కదా!" అని. ఆ పథకం పేరు అడిగినవాళ్లకు సరిగ్గా తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది. పింఛన్లు చూసే బల్ల, రేషన్ కార్డులు చూసే బల్ల మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. అందుకే పథకాల జాబితా ఇవ్వకుండా, ఏ కష్టానికి ఏ గడప ఎక్కాలో, అక్కడి నుంచి ఏ కాగితం చేతపట్టుకుని రావాలో రాశాను. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ తేడా ఉన్నచోట విడివిడిగా చెప్పాను. మొత్తాలు, వయసులు 2025 నాటివి.

మా ఇంటికి ఏం వర్తిస్తుందో తెలియదు. మొదట ఎవరిని కలవాలి?

ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీ గ్రామ లేదా వార్డు సచివాలయం. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ సచివాలయాలను పల్లెల్లో సుమారు రెండు వేల జనాభాకు ఒకటి చొప్పున పెట్టారు. దరఖాస్తును కంప్యూటర్‌లో ఎక్కించేది డిజిటల్ అసిస్టెంట్. పింఛన్లు, చదువులకు సంబంధించినవి వెల్ఫేర్ అసిస్టెంట్ చూస్తారు. భూమి, కులం, ఆదాయం విషయాలు వీఆర్వో దగ్గరికి వెళ్తాయి. ధ్రువపత్రాల్లాంటి పనులు కొన్ని ఇంట్లోంచే కావాలంటే 'మన మిత్ర' వాట్సాప్ నంబరు 9552300009కు "హాయ్" అని పంపితే చాలు. ఇది 2025 జనవరి నుంచి నడుస్తోంది.

తెలంగాణలో అన్నీ ఒకే కప్పు కింద దొరకవు. పింఛను సంగతి ఊళ్లో పంచాయతీ కార్యదర్శికి, ఆపైన మండలంలో ఎంపీడీవో కార్యాలయానికి చెప్పాలి. ఆదాయ, కుల ధ్రువపత్రాలకు మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దారు మంజూరు చేస్తారు. పథకాల కోసం ప్రజాపాలన కార్యక్రమంలో ఇచ్చిన దరఖాస్తులో తప్పులుంటే ఎంపీడీవో కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రంలో అడగాలి. పట్టణాల్లో మున్సిపల్ కార్యాలయం.

ఎవరి దగ్గరికి వెళ్లినా పథకం పేరు చెప్పి అడగకండి. ఇంటి పరిస్థితి చెప్పి అడగండి. "ఫలానా పథకం ఉందా?" అంటే "లేదు" అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. "మా అత్తకు 62 ఏళ్లు, భూమి లేదు, చూపు సరిగా ఆనదు, ఆమెకు ఏమేం వస్తాయి?" అంటే ఎదుటి మనిషి కాసేపు ఆలోచించక తప్పదు.

ఇంటాయన చనిపోయారు. ఇద్దరు చిన్న పిల్లలు. ఏమేం అడగాలి?

ఇలాంటి ఇళ్లకు రావాల్సినవి చాలా ఉంటాయి, అందేవి మాత్రం ఒకటో రెండో. ఎందుకంటే ఒక్కొక్కటీ ఒక్కో శాఖ చేతిలో ఉంటుంది. కాబట్టి వరసగా చెబుతాను.

మొదటిది మరణ ధ్రువపత్రం. మిగతా ప్రతి పనికీ ఇదే మూలం. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు హోదా ఉన్న అధికారి ఉత్తర్వు దాకా వెళ్తుంది. ఏడుపులో ఉన్న ఇంట్లో ఈ పని ఎవరూ గుర్తు చేయరు. బంధువుల్లో ఒకరు దీన్ని భుజాన వేసుకోవాలి.

రెండోది ఆయన బ్యాంకు పాస్‌బుక్. ఏటా మే నెలాఖరులో 436 రూపాయలు కోత పడిందేమో చూడండి. పడి ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టే. ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయల కోత ఉంటే సురక్షా బీమా. ప్రమాదంలో పోయినవారికి అది మరో 2 లక్షలు. ఖాతా ఉన్న బ్యాంకు శాఖలోనే క్లెయిమ్ ఫారం అడగాలి. ఖాతా తెరిచిన రోజు ఎక్కడో సంతకం పెట్టించుకుని ఉంటారు, ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండదు. అందుకే పాస్‌బుక్ అచ్చు వేయించి కోతలన్నీ వేలు పెట్టి చదవండి.

మూడోది జాతీయ కుటుంబ ప్రయోజన పథకం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇంట్లో 18 నుంచి 59 ఏళ్ల లోపు సంపాదనపరులు చనిపోతే ఒకేసారి 20 వేలు ఇచ్చే కేంద్ర సాయం ఇది. తెలంగాణలో తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. ఆంధ్రలో సచివాలయంలో పేరు చెప్పి అడగండి. పేరు చెప్పి అడగాల్సిన అరుదైన పథకం ఇదొక్కటే, ఎవరూ తమంతట తాము చెప్పరు కాబట్టి.

తర్వాత వితంతు పింఛను. ఆంధ్రలో భర్త అప్పటికే పింఛను తీసుకుంటూ చనిపోయి ఉంటే, మరణ ధ్రువపత్రం చూపించగానే భార్య పేరుకు మార్చే వెసులుబాటు ఉంది. పిల్లల కోసం జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని కలవండి. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద ఎంపికైన బిడ్డకు నెలకు 4 వేలు ఇస్తారు. దానికి దారి అంగన్‌వాడీ టీచర్‌కు తెలుస్తుంది, తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆయన మేస్త్రీ పనో సెంట్రింగ్ పనో చేసేవారైతే భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉందేమో వెతకండి. ఉంటే కార్మిక శాఖ సహాయ అధికారి కార్యాలయానికి వెళ్లాలి.

ఏయే కాగితాలు దగ్గర పెట్టుకోవాలి?

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, రెండు ఫొటోలు. వీటికంటే ముఖ్యం, అన్నిటిలో పేరూ పుట్టిన తేదీ ఒకేలా ఉండటం. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా దరఖాస్తు ఆగిపోతుంది. పథకం ప్రకటించాక పరుగెత్తేకన్నా ఖాళీగా ఉన్న రోజుల్లో ఆధార్ సరిచేయించుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తు పెడితే "అనర్హులు" అని వచ్చింది. మాకేమీ లేదు, ఎలా అనర్హులం?

కంప్యూటర్ మీ ఇంటి గురించి వేరే శాఖల రికార్డులు చూసి ఆ మాట చెబుతోంది. దీన్ని అందరూ ఆరంచెల పరిశీలన అంటారు. నెల ఆదాయం పల్లెల్లో 10 వేలు, పట్టణాల్లో 12 వేలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు, రెండూ కలిసినా 10 ఎకరాలే. కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. సొంత కారు ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు మించకూడదు.

అసలు చిక్కు ఈ రికార్డుల్లోనే. అద్దెకున్న ఇంట్లో మీటరుకు మీ ఆధార్ కలిపేస్తే, ఇల్లు మారాక కూడా ఆ ఇంటి యూనిట్లు మీ లెక్కలోనే పడుతుంటాయి. అమ్మేసిన కారు ఆర్‌సీ కొన్నాయన పేరుకు మారకపోతే అది ఇంకా మీ కారే. పేరు కలిసిన మరొకరి పొలం మీ ఆధార్‌కు ఎక్కి ఉండొచ్చు. పెళ్లయి వేరే కాపురం ఉన్న కొడుక్కి ఉద్యోగం వస్తే, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (సచివాలయం రాసుకున్న కుటుంబ సభ్యుల లెక్కలో) ఇంకా ఒకే కుటుంబంగా ఉన్నందుకు ముసలి తల్లి పింఛనుకు అడ్డం పడుతుంది.

కాబట్టి "అనర్హులు" అన్న మాట విని ఇంటికి వచ్చేయకండి. ఏ కారణం చూపిస్తోందో తెర మీద చూపించమని గట్టిగా అడగండి, రాసుకోండి. కారణం తెలిస్తే దారి తెలిసినట్టే. మీటరు అయితే విద్యుత్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర మీ ఆధార్ ఆ సర్వీసు నంబరు నుంచి తీయించుకుని కాగితం తెచ్చుకోవాలి. కారు అయితే రవాణా శాఖ. పొలం అయితే వీఆర్వో, తహసీల్దారు. ఆ కాగితంతో సచివాలయంలో అభ్యంతరం నమోదు చేయించి నంబరు తీసుకోవాలి. అర్హత ఉండీ ఈ లెక్కల్లో కొట్టుకుపోయిన ముసలివాళ్లను చూస్తే నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది. తప్పు రికార్డును సరిచేసే బరువు నిరుపేద నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఆ బరువు మోయడానికి పక్కన ఒక చదువుకున్న మనిషి తోడు వెళ్లాలి.

డబ్బు పడిందని మెసేజ్ వచ్చింది, ఖాతాలో లేదు. ఎక్కడికి పోయింది?

చాలాసార్లు మీదే అయిన వేరే ఖాతాకు. నేరుగా జమ చేసే డబ్బు మీరు రాసిచ్చిన ఖాతా నంబరు చూసుకోదు. మీ ఆధార్ చివరిసారి ఏ బ్యాంకుకు అనుసంధానమైందో అక్కడికి వెళ్తుంది. దీన్నే బ్యాంకుల్లో ఎన్‌పీసీఐ లింక్ అంటారు. ఎప్పుడో సిమ్ కార్డుతోపాటు తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాలో సొమ్ము పడి ఉండటం మామూలే. మీ బ్యాంకుకు వెళ్లి "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఈ ఖాతాకు మార్చండి" అని ఫారం ఇవ్వండి. ఖాతాకు ఆధార్ జతచేయడం వేరు, ఈ మ్యాపింగ్ వేరు. బ్యాంకు కౌంటర్లో ఈ రెండింటినీ ఒకటిగా చెప్పి పంపేస్తుంటారు, జాగ్రత్త.

పింఛను ఎంత, ఎన్నేళ్లకు?

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులు, వితంతువులు, ఒంటరి మహిళలు, చేనేత, మత్స్యకారుల వంటివారికి నెలకు 4 వేలు, దివ్యాంగులకు 6 వేలు. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15 వేలు. వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్లు. ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తారు.

తెలంగాణలో ఆసరా పింఛను 2,016 రూపాయలు, దివ్యాంగులకు 4,016. వయసు పరిమితిని 65 నుంచి 57కు తగ్గించారు.

దివ్యాంగుల సర్టిఫికెట్ ఎలా?

40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు వైద్య బోర్డు ధ్రువీకరించాలి. ఈ పరీక్ష చేసే సదరం శిబిరానికి స్లాట్ ముందే తీసుకోవాలి. ఆంధ్రలో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో అడగండి. దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) కూడా చేయించుకోండి. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసీమియా, సికిల్ సెల్, ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా అందులో ఉన్నాయి. నడవలేనివాళ్లకూ చూపు లేనివాళ్లకూ మాత్రమే అనుకుని ఆగిపోకండి.

ఆస్పత్రిలో ఉన్నాం, డబ్బు లేదు. ఇప్పుడు ఏం చేయాలి?

ఆ ఆస్పత్రి ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో ఉంటే కింది అంతస్తులో ఆరోగ్యమిత్ర అనో వైద్యమిత్ర అనో ఒక బల్ల ఉంటుంది. బిల్లింగ్ కౌంటర్ కంటే ముందు అక్కడికి వెళ్లండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ పరిమితి 25 లక్షలు. అత్యవసరమైతే కార్డు ఇంటి దగ్గరుందని చికిత్స ఆపనక్కర్లేదు, ఫోన్‌లో ముందస్తు అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. ఈ జబ్బు జాబితాలో ఉందా, ఏ ఆస్పత్రిలో చేస్తారు అన్నది 104లో అడగొచ్చు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు.

జాబితాలో లేని జబ్బయితే ముఖ్యమంత్రి సహాయ నిధి. ఆపరేషన్‌కు ముందే నిమ్స్ లాంటి ఆస్పత్రి అంచనా పత్రంతో ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రం) కోసం అడగొచ్చు. డబ్బు కట్టేసిన తర్వాతైతే అసలు బిల్లులు కావాలి. నకళ్లు తీసిపెట్టుకోకుండా అసలు బిల్లులు ఎవరి చేతికీ ఇవ్వకండి. దరఖాస్తు సాధారణంగా ఎమ్మెల్యే లేదా ఎంపీ కార్యాలయం ద్వారా వెళ్తుంది. మామూలు జ్వరానికి, షుగరు మందులకు ఇవేవీ వద్దు. ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్, తెలంగాణలో పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా ఉన్నాయి.

పనికోసం బెంగళూరు వచ్చాం. రేషన్ కార్డు ఊళ్లో ఉంది. బియ్యం పోయినట్టేనా?

లేదు. ఒకే దేశం ఒకే రేషన్ కింద మీ కార్డు నంబరు చెప్పి, వేలిముద్ర వేసి అక్కడి చౌకధరల దుకాణంలో తీసుకోవచ్చు. ఇంట్లో కొందరు ఊళ్లో, కొందరు పట్నంలో ఉంటే ఎవరి వాటా వాళ్లు తీసుకోవచ్చు. జాతీయ ఆహార భద్రతా చట్టం లెక్కన మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. తెలంగాణలో ఇచ్చే 6 కిలోల సన్నబియ్యం మాత్రం ఆ రాష్ట్రంలోనే. ఈకేవైసీ (ఆధార్ వేలిముద్రతో ధ్రువీకరణ) చేయించుకోని పేరుకు బియ్యం ఆగిపోతుంది. దుకాణదారు లేదంటే రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కి ఫోన్ చేయండి. ఆంధ్రలో 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు సరుకులు ఇంటికే తెచ్చి ఇవ్వాలి. తేకపోతే ఫిర్యాదు చేయండి.

ఇంట్లో భర్త కొడుతున్నాడు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలంటే భయం.

మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. రాత్రి అయినా తీస్తారు. ప్రాణం మీదికి వస్తే 112. ప్రతి జిల్లాలో సఖి కేంద్రం లేదా వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది. వైద్యం, లాయరు, పోలీసు సాయం, కౌన్సెలింగ్ అక్కడే అందుతాయి. ఐదు రోజుల దాకా ఉండటానికి చోటు ఇస్తారు, పిల్లలతో సహా వెళ్లొచ్చు. కేసు పెట్టాలా వద్దా అన్నది తర్వాత, మీరే నిర్ణయించుకోవచ్చు. ముందు క్షేమంగా బయటపడండి.

లాయరుకు ఇవ్వడానికి డబ్బు లేదు.

ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవారికి 1987 చట్టం కింద ఆదాయం ఎంతైనా సరే ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. ఫోన్ 15100.

అర్జీ ఇచ్చి నెలలు గడిచాయి. ఉలుకూ పలుకూ లేదు.

మొదటి ప్రశ్న: మీ దగ్గర నంబరు ఉందా? నోటితో చెప్పి వచ్చింది అర్జీ కాదు. కాగితం మీద స్టాంపు, తేదీ, సంతకం, లేదా కంప్యూటర్ రశీదు నంబరు ఉండాలి. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. "లేదు" అన్నా కూడా ఆ లేదన్న మాట రాసి ఇవ్వమనండి.

నంబరు ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో రాష్ట్రస్థాయిలో జరుగుతుంది. ఆంధ్రలో పీజీఆర్‌ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) అంటారు, అర్జీ ఏ దశలో ఉందో 1100లో తెలుస్తుంది. పనికాకుండానే "పరిష్కారమైంది" అని మెసేజ్ వస్తే మళ్లీ తెరిపించండి, పాత నంబరు రాసి కొత్త అర్జీ ఇవ్వండి.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు. ఇలా రాయండి: "ఫలానా తేదీన ఫలానా నంబరుతో ఇచ్చిన నా దరఖాస్తు ప్రస్తుతం ఏ అధికారి వద్ద ఉంది? ఇప్పటివరకు తీసుకున్న చర్యల నకళ్లు ఇవ్వగలరు." మన దగ్గర గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. తెల్ల కార్డు ఉన్నవారికి ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ కాగితం పడ్డాక జవాబు రాసేలోపే అసలు పని జరిగిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

రెండు వేలిస్తే చేయిస్తానని ఒకాయన అంటున్నాడు.

ఇవ్వకండి. మీసేవలో, సచివాలయంలో కట్టే రుసుముకు రశీదు వస్తుంది. రశీదు లేని డబ్బు లంచమే. లంచం అడిగితే అవినీతి నిరోధక శాఖ నంబరు 1064. ఫోన్‌లో "పథకం మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అంటే మాట్లాడకుండా పెట్టేయండి. డబ్బు పోయిందా, ఆ గంటలోనే సైబర్ మోసాల నంబరు 1930కి చేయండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బును ఆపడం కష్టం.

అమ్మ ఊళ్లో ఒంటరిగా ఉంది, మేం దూరంగా ఉన్నాం.

వృద్ధుల కోసం 14567 ఎల్డర్ లైన్ ఉంది. పింఛను, వృద్ధాశ్రమం, వేధింపులు, దేని గురించైనా అడగొచ్చు. ఇక చూడాల్సిన పిల్లలు చూడకపోతే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది. చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తిని రద్దు చేయించుకునే వీలూ అదే చట్టంలో ఉంది.

గల్ఫ్‌లో మావాడు చనిపోయాడు.

తెలంగాణవారైతే 5 లక్షల పరిహారానికి జిల్లా కలెక్టర్‌కు వెంటనే దరఖాస్తు ఇవ్వండి. 2023 డిసెంబరు 7 తర్వాతి మరణాలకు ఇది వర్తిస్తుంది. ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణికి విడిగా ఒక కౌంటర్ ఉంది. ఆంధ్రవారు ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని సంప్రదించాలి. ఈసీఆర్ (వెళ్లేముందు వలస అనుమతి తీసుకోవాల్సిన రకం) పాస్‌పోర్టుతో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉండొచ్చు, ప్రమాద మరణానికి 10 లక్షలు. పాలసీ కాగితం ఇంట్లో వెతకండి.

అమెరికాలో ఉన్న మా అమ్మాయికి కష్టం వచ్చింది. అక్కడ ఎవరిని అడగాలి?

అక్కడ 211 అనే నంబరు ఉంది. తిండి, అద్దె, తలదాచుకునే చోటు, ఏది కావాలన్నా దగ్గర్లో ఎవరు ఇస్తారో చెబుతారు. ఇంగ్లిష్ ఇబ్బందైతే తెలుగు దుబాసీ కావాలని అడగాలి, చాలా కేంద్రాలు ఫోన్‌లోనే కలుపుతాయి. వీసా మీద ఉన్నవారికి అక్కడి ప్రభుత్వ పథకాలు ఎక్కువగా వర్తించవు. స్వచ్ఛంద సంస్థలు నడిపే ఫుడ్ బ్యాంకులు మాత్రం చాలాచోట్ల వీసా సంగతి అడగవు. మనసు బాగోలేక ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే అక్కడ 988, ఇక్కడ 14416.

మా వీధిలో ఒక ముసలాయన ఉన్నాడు. చదువు రాదు, ఫోన్ లేదు, ఎవరూ లేరు. ఆయన తరఫున నేను అడగొచ్చా?

అడగొచ్చు. వేలిముద్ర కావాల్సినచోట ఆయన ఉండాలి, అర్జీ రాయడానికి, వెంట తిరగడానికి ఎవరైనా చాలు. ముందుగా ఆధార్ ఉందో లేదో చూడండి. ఉన్నా కాగితం పోయి ఉంటే, ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో నంబరు కనుక్కునే వీలుంది. వేళ్లు అరిగిపోయి ముద్ర పడకపోతే కంటిపాపతోగానీ ముఖంతోగానీ ప్రయత్నించమనండి. మంచం దిగలేని స్థితిలో ఉంటే సిబ్బందినే ఇంటికి రమ్మని సచివాలయంలో లేదా ఎంపీడీవోకు కాగితం మీద రాసివ్వండి. ఊళ్లో ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచర్‌కు, పొదుపు సంఘం లీడర్‌కు ఆయన సంగతి చెప్పి ఉంచండి. న్యాయ సేవాధికార సంస్థ పారాలీగల్ వలంటీర్లు కూడా ఇలాంటి అర్జీలు రాసిపెడతారు. సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లేటప్పుడు ఆయన అర్జీ కూడా మీ సంచిలో పెట్టుకోండి. రశీదు మీద ఫోన్ నంబరు అడిగినప్పుడు మీది ఇవ్వండి.